8700కే 5 గిగాహెర్ట్జ్‌లో గేమ్స్‌కి ఓకే, రెండరింగ్ పెడితే బ్లూ స్క్రీన్: బయోస్‌లో ఏం మార్చాలి?

రెండరింగ్_రాత్రి

అందరికీ నమస్తే. పది రోజులుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కాక అడుగుతున్నాను. నాది ఇంటెల్ ఐ7-8700కే ప్రాసెసర్, జెడ్370 మదర్‌బోర్డు, రెండు ఫ్యాన్ల పెద్ద ఎయిర్ కూలర్, 8 జీబీ స్టిక్కులు నాలుగు, డీడీఆర్4 3200 ర్యామ్, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ప్యాకెట్ మీద రాసిన స్పీడ్‌లో నడిపే రెడీమేడ్ సెట్టింగ్) ఆన్‌లో ఉంది. మొదట మల్టిప్లయర్ 50 పెట్టి (100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌కి 50 రెట్లు, అంటే 5 గిగాహెర్ట్జ్) వోల్టేజ్ ఆటోలో వదిలేస్తే బోర్డు ఏకంగా 1.42 వోల్ట్లు ఇచ్చేసింది, టెంపరేచర్ 96కి పోయింది, భయపడి ఆపేశాను. తర్వాత ఒక వీడియోలో చూసి వీకోర్ (కోర్లకి అందే వోల్టేజ్) 1.30 మాన్యువల్, లోడ్‌లో వోల్టేజ్ దిగకుండా చూసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అన్నిటికంటే పై లెవెల్, ఏవీఎక్స్ (ప్రాసెసర్‌ని బాగా వేడెక్కించే బరువైన లెక్కల ఆదేశాలు) పని వచ్చినప్పుడు మల్టిప్లయర్ తగ్గించే ఆఫ్‌సెట్ సున్నా పెట్టాను.

ఇప్పుడు గేమ్స్ నాలుగైదు గంటలు ఆడినా ఏమీ కాదు. ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ వరసగా మూడు సార్లు పాస్. కానీ రాత్రి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి మిషన్ రీస్టార్ట్ అయి డెస్క్‌టాప్ మీద కూర్చుని ఉంటుంది. ఒకసారి ఎదురుగా ఉండగానే పడింది, బ్లూ స్క్రీన్ మీద క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అని వచ్చింది. ఇంకో రెండు సార్లు మాత్రం మెమరీ మేనేజ్‌మెంట్ అని వచ్చింది, అది కూడా బ్రౌజర్ తప్ప ఏమీ నడవనప్పుడు. నాకు అర్థం కానిది ఇదే: గట్టి పనిలో పడిపోతే వోల్టేజ్ చాలలేదు అనుకోవచ్చు, ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు పడిపోతోంది? 1.35 వరకు పెంచితే సరిపోతుందా, లేక ఇంకేదైనా ముట్టుకోవాలా? రేపటికి ఇవ్వాల్సిన పని ఉంటే ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నిదానం

1.35కి పెంచకండి, ఇప్పుడే కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఒక్క సమస్య కాదు, రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. రెండూ ఒకేసారి విప్పుదామని చూస్తే ఏ ముడి ఎక్కడుందో తెలియదు.

ముందు వేడి లెక్క చూడండి. ప్రాసెసర్ తినే పవర్ సుమారుగా ఫ్రీక్వెన్సీతో పాటు, వోల్టేజ్ వర్గంతో పాటు పెరుగుతుంది. మీ చిప్ మామూలుగా ఆరు కోర్లూ కలిసి 4.3 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అప్పుడు 1.20 వోల్ట్లు అవసరం అనుకుందాం. 5.0కి తీసుకెళ్లి 1.35 ఇస్తే స్పీడ్ పెరిగేది 16 శాతం, పవర్ పెరిగేది దాదాపు 47 శాతం. అదే 4.8 దగ్గర 1.25తో ఆగితే స్పీడ్ 12 శాతం దాకా పెరుగుతుంది, పవర్ 21 శాతమే పెరుగుతుంది. ఆ చివరి 200 మెగాహెర్ట్జ్ కోసం ఎంత కడుతున్నామో చూశారా. పైగా 8700కేలో పై మూతకి, లోపలి సిలికాన్‌కి మధ్య సోల్డర్ లేదు, థర్మల్ పేస్టే ఉంది, కాబట్టి పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా లోపలి వేడి తొందరగా బయటికి రాదు. 100 డిగ్రీల దగ్గర చిప్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటారు.

నేనైతే ఇలా మొదలుపెడతాను. ఇప్పుడున్న సెట్టింగులను బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల మెనూలో) ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి, తర్వాత అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి. ఎక్స్‌ఎంపీ ఆఫ్. ఇది ముఖ్యం, ఎందుకంటే ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే, అంటే అధికారిక స్పీడ్ దాటించి నడపడమే. ఈ చిప్‌కి ఇంటెల్ అధికారికంగా చెప్పిన మెమరీ స్పీడ్ 2666, మీరు నడుపుతున్నది 3200, అది కూడా నాలుగు స్టిక్కులతో. కోర్ పరీక్షిస్తున్నంత సేపు మెమరీ మీద ఏ అనుమానమూ ఉండకూడదు. మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ అని ఒకటి ఉంటుంది, కొన్ని బోర్డుల్లో పేరు వేరుగా ఉంటుంది, దాన్నీ ఆపండి, లేకపోతే మీరు చెప్పకుండానే బోర్డు సొంతంగా మల్టిప్లయర్లు మారుస్తుంది.

అప్పుడు అన్ని కోర్లకీ మల్టిప్లయర్ 47, బేస్ క్లాక్ 100 అలాగే, రింగ్ రేషియో (కోర్లనీ క్యాష్‌నీ కలిపే లోపలి దారి స్పీడ్) 43 అని చేత్తో పెట్టండి. రింగ్‌ని ఆటోలో వదిలితే కొన్ని బోర్డులు దాన్ని కోర్ వెంట పైకి లాగేస్తాయి, తర్వాత ఏది పడిపోయిందో తేల్చుకోలేక చస్తాం. వీకోర్ మాన్యువల్ 1.20. లోడ్‌లైన్ మధ్య లెవెల్. సేవ్ చేసి విండోస్‌లోకి వచ్చి పది నిమిషాలు సినీబెంచ్ ఆర్23 తిప్పండి. పడిపోతే 0.01 పెంచండి, నిలబడితే మల్టిప్లయర్ ఒక మెట్టు పైకి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చినది కాగితం మీద రాయండి. మల్టిప్లయర్, వోల్టేజ్, లోడ్‌లో కనిపించిన వీకోర్, టెంపరేచర్, ఫలితం, ఈ ఐదూ. రాయకపోతే మూడో రోజుకి అన్నీ కలగాపులగం అవుతాయి.

చివరగా పవర్ లిమిట్ల గురించి. ఈ చిప్ రేటింగ్ 95 వాట్లు. బోర్డు ఆ లిమిట్‌ని ఖచ్చితంగా పాటిస్తుంటే గట్టి లోడ్‌లో క్లాక్ కిందికి దిగిపోతుంది, టెస్ట్ పాస్ అవుతుంది, మీరు 4.8లో పాస్ అయిందనుకుంటారు, నిజానికి అది నడిచింది 4.2లో. కొన్ని బోర్డుల్లో ఆటో అంటే 4095 వాట్లు, అంటే లిమిటే లేదని అర్థం. అదీ వద్దు. మీ కూలర్‌కి 180 వాట్ల దగ్గర పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వోల్టేజ్, టెంపరేచర్, క్లాక్ చూపించే ప్రోగ్రాం) క్లాక్ కదలకుండా ఉందా, పవర్ లిమిట్, థర్మల్ థ్రాట్లింగ్ దగ్గర ఎక్కడైనా యెస్ అని పడిందా చూడండి. థ్రాటిల్ అవుతూ పాసైన టెస్ట్‌ని నేను పాస్ కింద లెక్కపెట్టను.

లోడ్‌లైన్_లోతు

నిదానం గారు చెప్పిన పద్ధతితో ఏకీభవిస్తాను. లోడ్‌లైన్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న అడిగినాయన దాన్ని చిట్టచివరి లెవెల్‌కి పెట్టారు, చాలా మంది వీడియోలు చూసి చేసే పని ఇదే.

బయోస్‌లో 1.30 పెట్టామంటే చిప్‌కి ఎప్పుడూ 1.30 అందుతుందని కాదు. లోడ్ పడి కరెంట్ పెరిగినకొద్దీ వోల్టేజ్ కొంత దిగుతుంది, దీన్నే వీడ్రూప్ అంటారు. ఇది లోపం కాదు, కావాలనే అలా డిజైన్ చేశారు. ఎందుకంటే లోడ్ ఒక్కసారిగా తీసేసినప్పుడు వోల్టేజ్ క్షణకాలం పైకి ఎగురుతుంది. ముందే కొంచెం కిందికి దిగి ఉంటే ఆ ఎగిరేది హద్దు దాటదు. లోడ్‌లైన్ కాలిబ్రేషన్ పెంచితే ఆ దిగడాన్ని తగ్గిస్తున్నాం. మొత్తం చదును చేసేస్తే, లేదా ఇంకా పైకి పోతే, లోడ్ తీసినప్పుడు పైకి ఎగరడం, లోడ్ పడినప్పుడు కిందికి కుంగడం రెండూ పెరుగుతాయి. మీ స్క్రీన్ మీద హెచ్‌డబ్ల్యూఇన్ఫో మామూలుగా రెండు సెకన్లకోసారి చదువుతుంది, ఈ ఎగుడుదిగుళ్లు మైక్రోసెకన్లలో అయిపోతాయి, కనిపించవు. అంకె 1.31 దగ్గర బండరాయిలా కదలకుండా ఉన్నట్టే ఉంటుంది, మిషన్ మాత్రం పడిపోతుంది. రెండరింగ్‌లో లోడ్ ఒకే తీరుగా ఉండదు, ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య పడుతూ లేస్తూ ఉంటుంది. సినీబెంచ్‌లో పాసై అక్కడ పడిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇంకో సంగతి, లెవెల్ నంబర్లను నమ్మకండి. ఒక కంపెనీ బోర్డులో లెవెల్ 1 అంటే అన్నిటికంటే మెత్తనిది, ఇంకో కంపెనీలో లెవెల్ 1 అంటేనే అన్నిటికంటే గట్టిది. సెట్టింగ్ పక్కన చిన్న గ్రాఫ్ గీసి చూపించే బోర్డులు చాలా ఉన్నాయి, దాన్ని చూడండి. అది లేకపోతే ప్రతి లెవెల్‌లోనూ లోడ్ పెట్టి వీకోర్ ఎంత దిగుతోందో రాసుకోండి. 0.03 నుంచి 0.05 దాకా దిగే లెవెల్ నాకు ఎప్పుడూ సుఖంగా అనిపించింది. వీఐడీ అని పక్కనే ఇంకో అంకె కనిపిస్తుంది, అది ప్రాసెసర్ అడుగుతున్న వోల్టేజ్ మాత్రమే, అందుతున్నది కాదు. వీకోర్ చూడండి.

ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ విషయంలో నిదానం గారు ఏం అంటారో తెలియదు కానీ నేనైతే 2 పెడతాను. మల్టిప్లయర్ 50, ఆఫ్‌సెట్ 2 అంటే ఏవీఎక్స్ పని వచ్చినప్పుడు 48కి దిగుతుంది. గేమ్స్‌కి 5.0 ఉంటుంది, రెండరింగ్‌కి 4.8.

నిదానం

లోడ్‌లైన్ గురించి మీరు చెప్పినదానికి నేను చేర్చేది ఏమీ లేదు, చాలా బాగా చెప్పారు. ఆఫ్‌సెట్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఏవీఎక్స్ వాడేది రెండరింగ్ ఒక్కటే కాదు, ఈ రోజుల్లో చాలా గేమ్స్ కూడా వాడతాయి, వెనకాల నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములూ వాడతాయి. ఒక కోర్ మీద అలాంటి పని పడినా మొత్తం కోర్లు 48కి దిగుతాయి, మళ్లీ 50కి లేస్తాయి. రోజంతా ఈ దిగడం ఎక్కడం జరిగేకన్నా ఒకే 48, ఆఫ్‌సెట్ సున్నా, ఇదే నాకు నచ్చుతుంది. పరీక్షించాల్సిన స్థితి కూడా ఒక్కటే అవుతుంది. ఆఫ్‌సెట్ పెడితే రెండు వేర్వేరు ఓవర్‌క్లాక్‌లను పరీక్షించాలి, ఒకటి ఏవీఎక్స్‌తో, ఇంకొకటి లేకుండా. జనం రెండోది మర్చిపోతారు.

మెమ్‌టెస్ట్_మనిషి

మీరంతా కోర్ చుట్టూ తిరుగుతున్నారు, ఆయన మొదటి పోస్టులోనే అసలు విషయం ఉంది: మెమరీ మేనేజ్‌మెంట్, అది కూడా ఖాళీగా ఉన్నప్పుడు. ఈ ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ర్యామే కారణమని చెప్పలేం, డ్రైవర్ వల్ల కూడా వస్తుంది, కానీ ఎక్స్‌ఎంపీతో నాలుగు స్టిక్కులు అన్నాక నా వేలు ముందు అటే పోతుంది. ఒక్క ప్రశ్న. ఆ నాలుగూ ఒకే ప్యాకెట్‌లో కొన్నవా, లేక రెండు ముందు, రెండు తర్వాతా?

అడగడానికి కారణం ఉంది. ఎక్స్‌ఎంపీ అంకెలు ఆ ప్యాకెట్‌లో ఉన్న స్టిక్కులు కలిసి నడుస్తాయా అని చూసి ఇస్తారు. అదే మోడల్ నంబర్ ఉన్న ఇంకో ప్యాకెట్ తెచ్చి పక్కన పెడితే లోపలి చిప్పులు వేరేవి కావచ్చు, అవి కలిసి 3200లో నడుస్తాయని ఎవరూ మాట ఇవ్వలేదు. పైగా నాలుగు స్టిక్కులంటే మెమరీ కంట్రోలర్‌కి భారం ఎక్కువ.

నేను దీన్ని ఎందుకు ఇంత పట్టుకుంటున్నానంటే నాకు జరిగింది. ర్యామ్ కొంచెం గట్టి టైమింగ్స్‌లో పెట్టుకున్నాను, రెండు నెలల పాటు ఒక్క బ్లూ స్క్రీన్ కూడా రాలేదు, అంతా బాగుందనుకున్నాను. ఒక రోజు పాత ఫోటోల బ్యాకప్ జిప్ ఫైల్ తెరవబోతే సీఆర్‌సీ ఎర్రర్, అంటే లోపలి డేటా పాడైంది. ఇంకోటి తెరిచాను, అదీ అంతే. ఆ రెండు నెలల్లో చేసిన బ్యాకప్‌లలో చాలా వాటిలో ఎక్కడో ఒకటి రెండు బిట్లు తిరగబడ్డాయి. మిషన్ పడిపోవడం నయం, పడిపోతే తెలుస్తుంది. పడిపోకుండా డేటాని మెల్లగా తినేస్తే ఎవరికి తెలుస్తుంది? అమ్మవాళ్ల పాత ఫోటోలు కొన్ని అలాగే పోయాయి, అసలు కాపీలు అప్పటికే తీసేశాను. అందుకే పని చేసుకునే మిషన్ మీద ర్యామ్ పరీక్ష లేకుండా ఎక్స్‌ఎంపీ పెట్టొద్దని అందరికీ చెప్తాను.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతో బూట్ చేయండి, కోర్ డిఫాల్ట్‌లో పెట్టి ఎక్స్‌ఎంపీ మాత్రం ఆన్ చేసి నాలుగు పాస్‌లూ పూర్తిగా నడవనివ్వండి. 32 జీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ఒక్కటేగా అని వదిలేయకండి.

అలాగే ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ వైపు వెళ్లే వోల్టేజ్‌లు వీసీసీఐఓ, వీసీసీఎస్‌ఏ ఎంత ఉన్నాయో చూసి చెప్పండి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ఈ రెండింటినీ అవసరం లేకుండా 1.30 దాటించేస్తాయి. ఈ తరం చిప్పులకి మామూలు విలువలు 0.95, 1.05. 3200కి సాధారణంగా 1.10, 1.15 దగ్గర సరిపోతాయి. ఇవి ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది నిజం కాదు, ఎక్కువైనా ఎర్రర్లు వస్తాయి.

రెండరింగ్_రాత్రి

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. మెమ్‌టెస్ట్ మనిషి గారూ, మీరు సరిగ్గా పట్టుకున్నారు. రెండు స్టిక్కులు మొదట్లో కొన్నవి, ఇంకో రెండు ఏడాది తర్వాత. మోడల్ నంబర్ ఒకటే కదా అని ఏమీ ఆలోచించలేదు.

నిన్న రాత్రి కోర్ డిఫాల్ట్‌లో పెట్టి ఎక్స్‌ఎంపీతో మెమ్‌టెస్ట్ తిప్పాను. మొదటి పాస్‌లో ఏమీ లేదు, ఊపిరి పీల్చుకున్నాను. రెండో పాస్‌లో 3, నాలుగో పాస్ అయ్యేసరికి మొత్తం 11 ఎర్రర్లు. బోర్డు వీసీసీఐఓకి 1.28, వీసీసీఎస్‌ఏకి 1.33 ఇస్తోంది. అవి తగ్గించబోయి తొందరలో ర్యామ్ వోల్టేజ్‌ని 1.20కి దించేశాను, స్పీడ్ మాత్రం 3200లోనే ఉండిపోయింది. ఇప్పుడు మిషన్ ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఫోన్ నుంచి రాస్తున్నాను. బోర్డు పోయిందా?

నిదానం

పోలేదు, కంగారు పడకండి. వోల్టేజ్ తక్కువై పాడైనవి ఉండవు. ముందు రెండు మూడు సార్లు అలాగే ఆన్ చేసి కొంచెం ఆగండి, చాలా బోర్డులు కొన్ని సార్లు ప్రయత్నించి తమంతట తామే డిఫాల్ట్‌తో లేస్తాయి. లేవకపోతే పవర్ సప్లై వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసేసి, కేస్ మీద పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన చార్జ్ పోతుంది. తర్వాత బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో పది సెకన్లు కలిపి పట్టుకోండి. ఆ పిన్నులు ఎక్కడున్నాయో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, గుడ్డిగా ఏవో రెండు పిన్నులు కలపకండి. అవి దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అన్నీ డిఫాల్ట్‌కి వస్తాయి. సేవ్ చేసుకున్న ప్రొఫైళ్లు చాలా బోర్డుల్లో పోవు, అయినా కాగితం మీద రాసుకోమన్నది ఇందుకే.

రెండరింగ్_రాత్రి

లేచింది! బ్యాటరీ తీయాల్సి వచ్చింది. గుండె ఇప్పుడు కుదుటపడింది.

కర్వ్_కొత్త

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది రైజెన్ 7 5800ఎక్స్. ఇదే పద్ధతి నాకూ పనికొస్తుందా? అన్ని కోర్లకీ 4.6 ఫిక్స్ చేసి 1.30 ఇద్దామనుకుంటున్నాను.

లోడ్‌లైన్_లోతు

వద్దు తమ్ముడూ, రైజెన్‌లో అలా ఫిక్స్ చేస్తే నష్టమే ఎక్కువ. 5800ఎక్స్ ఒకటి రెండు కోర్ల పనిలో తనంతట తనే 4.7 దాకా వెళ్తుంది, నువ్వు అన్నిటినీ 4.6లో కట్టేస్తే ఆ పైభాగం పోతుంది. పీబీఓ (రైజెన్ తనంతట తనే ఎక్కే స్పీడ్‌కి హద్దులు పెంచే సెట్టింగ్) ఆన్ చేసి, కోర్లకి వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ వాడు. అందులో ఒక్కో కోర్‌కి మైనస్ అంకె ఇస్తావు, ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్ట్లు. అన్ని కోర్లకీ మైనస్ 10తో మొదలుపెట్టు. నెట్‌లో ఎవరో అన్నిటికీ మైనస్ 30 పెట్టారని నువ్వూ పెట్టకు, ఏ రెండు చిప్పులూ ఒకలా ఉండవు. అసలు ఒకే చిప్‌లో ఏ రెండు కోర్లూ ఒకలా ఉండవు, బాగా నడిచే కోర్లకే మైనస్ తక్కువ పట్టడం తరచూ చూస్తాం.

దీంట్లో పెద్ద చిక్కు ఏమిటంటే గట్టి లోడ్‌లో అంతా పాస్ అవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడో, ఒక్క కోర్ మీద చిన్న పని పడినప్పుడో రీస్టార్ట్ అవుతుంది. ఎందుకంటే ఒక్క కోర్ పైకి ఎగిరేది అప్పుడే. అందుకని కోర్‌సైక్లర్ అనే స్క్రిప్ట్ వాడు, అది ప్రైమ్95 అనే గట్టి పరీక్షని ఒక్కో కోర్ మీద విడివిడిగా నడుపుతుంది. ఏ కోర్ పడిపోతే దానికి మాత్రం అంకె తగ్గించు. మిగతాది కొత్త థ్రెడ్‌లో అడుగు, ఇది ఆయన థ్రెడ్.

రెండరింగ్_రాత్రి

రెండు వారాలయింది, ఫలితాలు రాస్తున్నాను, ఆలస్యమైంది కానీ మొత్తం పూర్తయ్యాకే రాద్దామని ఆగాను.

ముందు ర్యామ్. పాత రెండు స్టిక్కులు మాత్రమే పెట్టి 3200లో తిప్పాను, నాలుగు పాస్‌లు, సున్నా ఎర్రర్లు. కొత్త రెండూ మాత్రమే పెట్టాను, సున్నా. నాలుగూ కలిపితేనే ఎర్రర్లు. అంటే ఏ స్టిక్కూ పాడవలేదు, కలిసి ఆ స్పీడ్‌లో నడవలేకపోతున్నాయి, అంతే. ఎడిటింగ్‌కి 32 జీబీ కావాలి కాబట్టి నాలుగూ ఉంచి స్పీడ్ 3000కి దించాను, ర్యామ్ వోల్టేజ్ 1.35, వీసీసీఐఓ 1.10, వీసీసీఎస్‌ఏ 1.15. రెండు రాత్రులు మెమ్‌టెస్ట్ తిప్పాను, రెండూ శుభ్రంగా వచ్చాయి. ఆ తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా పడిపోలేదు. ఇన్ని రోజులు నేను వీకోర్ పెంచుతూ దించుతూ వెతికినది అసలు అక్కడ లేనే లేదు.

కోర్ విషయానికి వస్తే నా కాగితం ఇది. 47 మల్టిప్లయర్‌కి 1.20 చాలింది. 48కి 1.22లో సినీబెంచ్ పాస్, కానీ ప్రైమ్95లో బాగా వేడెక్కించే స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్షలో 20 నిమిషాలకి ఒక వర్కర్ లెక్క తప్పి ఆగిపోయింది. 1.24లో గంట నిలబడింది, లోడ్‌లో వీకోర్ 1.20 చూపించింది, టెంపరేచర్ 84. 49కి 1.30 అడిగింది. 50కి 1.36 ఇచ్చినా ప్రైమ్95లో 100 తాకి థ్రాటిల్ అయింది, అక్కడ ఆపేశాను. 47 నుంచి 48కి 0.04 చాలింది, 48 నుంచి ప్రతి మెట్టుకీ 0.06 అడుగుతోంది, రాసుకోకపోతే ఇది నాకు కనిపించేదే కాదు. లోడ్‌లైన్ మధ్య లెవెల్‌లోనే ఉంచాను. ఆఫ్‌సెట్ సున్నా.

4.8 దగ్గర ఉండిపోయాను. రెండు గంటల రెండర్‌కి 5.0తో పోలిస్తే లెక్క ప్రకారం ఐదు నిమిషాలు ఎక్కువ, ఆ 5.0లో నాకు ఏ రెండరూ పూర్తి కానే లేదు. మొన్న ఏడు గంటల ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకున్నాను, పొద్దున లేచేసరికి ఫైల్ ఉంది.

మెమ్‌టెస్ట్_మనిషి

చాలా సంతోషం. ఒక పని మాత్రం చేయండి, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో వీయా లాగర్ (WHEA-Logger), ఈవెంట్ ఐడీ 19 అని ఏమైనా పసుపు హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. అవి ప్రాసెసర్ పట్టుకుని సరిదిద్దేసిన ఎర్రర్లు, మిషన్ పడిపోదు కాబట్టి ఎవరూ చూడరు. అవి ఉంటే వోల్టేజ్ ఇంకా అంచు మీద ఉన్నట్టు. అలాగే ర్యామ్ తప్పుగా ఉన్న ఆ రోజుల్లో కాపీ చేసిన ముఖ్యమైన ఫైళ్లు ఏవైనా ఉంటే ఒకసారి తెరిచి సరిచూసుకోండి, అసలు కాపీలు ఇంకా ఉండగానే.

నిదానం

1.24 అంచు అయితే 0.01 పెంచి 1.25లో ఉంచుకోండి. మీరు ఈ పరీక్షలు చేసిన గది చల్లగా ఉండి ఉంటే, గది పది డిగ్రీలు వేడెక్కిన రోజున చిప్ కూడా సుమారు అంతే వేడెక్కుతుంది, అప్పుడు అదే వోల్టేజ్ చాలకపోవచ్చు. 84 దగ్గర ఉన్నారు కాబట్టి మీకు జాగా ఉంది. కూలర్ పట్టించుకోని ఒక చోటు మిగిలింది: సాకెట్ పక్కన వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కి వోల్టేజ్ అందించే భాగం) హీట్‌సింక్ మీదకి కాస్త గాలి వెళ్తోందా చూడండి. గట్టి లోడ్‌లో కోర్ చల్లగానే ఉండి కూడా క్లాక్ ఉన్నట్టుండి బాగా కిందికి పడిపోతే అది దాని పనే.

ఇక మాన్యువల్ వోల్టేజ్ నుంచి అడాప్టివ్‌కి (స్పీడ్‌ని బట్టి వోల్టేజ్ మారే మోడ్) మారాలనిపిస్తే ఇప్పుడు మారొచ్చు, తొందరేమీ లేదు. సీ-స్టేట్లు ఆన్‌లో ఉంటే మాన్యువల్‌లో కూడా ఖాళీ కోర్లు నిద్రపోతాయి, కరెంట్ పెద్దగా వృథా కాదు. మారితే మాత్రం లోడ్‌లో వీకోర్ మళ్లీ 1.20 దగ్గరే ఉందో లేదో సరిచూడండి, ఒకే అంకె పెట్టినా రెండు మోడ్‌లలో ఒకలా రాకపోవచ్చు.

రెండరింగ్_రాత్రి

లాగ్ చూశాను. ర్యామ్ స్పీడ్ మార్చిన రోజు నుంచి ఐడీ 19 ఒక్కటీ లేదు. అంతకు ముందు వారం, 5.0లో ఉన్నప్పుడు, 14 ఉన్నాయి. అవి వస్తున్నాయని కూడా నాకు తెలియదు. 1.25కి పెంచాను. ఆ రోజుల్లో డ్రైవ్‌లోకి మార్చిన క్లిప్పులు మూడు వందలకు పైగా ఉన్నాయి, కెమెరా కార్డుల్లో అసలువి ఇంకా తుడవలేదు, ఈ రాత్రి ఒక్కొక్కటీ చెక్‌సమ్‌తో (ఫైల్ మొత్తం నుంచి లెక్కకట్టే సరిపోల్చే అంకె) పోల్చి చూస్తాను.